డ్రమ్ కోర్ షోని ఎక్కడ కూర్చుని, ఏం చూస్తూ, ఏం వినాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ అబ్బాయి టెక్సస్‌లో హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు. జులైలో శాన్ ఆంటోనియో అలమోడోమ్‌లో జరిగిన డ్రమ్ కోర్ (మైదానం మీద కవాతు చేస్తూ వాయించే కుర్రకారు జట్టు) పోటీకి ఇంటిల్లిపాదీ వెళ్లి, మధ్యలో ఆరో వరసలో కూర్చున్నారు. అంతా ఒకటే హోరుగా వినిపించింది, ఎటు చూడాలో తోచలేదు. మీ అందరికీ బాగా నచ్చిన కోర్‌కేమో స్కోరు తక్కువొచ్చింది. ఆగస్టులో ఇండియానాపొలిస్ ఫైనల్స్‌కి వెళ్తున్నారు కాబట్టి అక్కడైనా సరిగ్గా చూడటం ఎలా అని అడిగారు.

ముందు సీటు సంగతి. మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉంది. మైదానం ముందు అంచున, సరిగ్గా మధ్యలో మారింబాలు, వైబ్రాఫోన్‌లు (పలకల మీద కర్రలతో కొట్టి వాయించేవి), టింపనీలు, సింథసైజర్‌లు ఉంటాయి. దాన్ని ఫ్రంట్ ఎన్‌సెంబుల్ అంటారు, వాడుకలో పిట్. దాని పక్కనే పెద్ద పెద్ద స్పీకర్లు. ఆరో వరసలో కూర్చుంటే మీరు విన్నది చాలామటుకు ఆ స్పీకర్లనే. వెనక వాయించే బ్రాస్, అంటే ట్రంపెట్, ట్యూబా లాంటి ఊదే ఇత్తడి వాద్యాలు, వాటిని దాటుకుని రావాలి. పైగా అంత కిందినుంచి చూస్తే మైదానం మీద గీసే ఆకారాలేవీ కనపడవు, ముందు వరస మనుషులే కనిపిస్తారు. మరీ పైకెళ్లినా చిక్కే. డోమ్‌లో శబ్దం పైకప్పుకీ ఎదురు గోడకీ కొట్టుకుని తిరిగొస్తుంది, ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆ ప్రతిధ్వని నేరుగా వచ్చే శబ్దంతో కలిసిపోయి డ్రమ్స్ అలుక్కుపోతాయి. నా లెక్కలో మంచి చోటు 35 యార్డ్ లైన్ నుంచి అవతలి 35 దాకా (మైదానం సరిగ్గా మధ్య గీత 50), కింది అంతస్తు పై వరసలు గానీ మధ్య అంతస్తు ముందు వరసలు గానీ. సరిగ్గా 50 లైన్ మీదే కావాలని ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. మధ్య నుంచి పది గజాలు పక్కకి, కానీ ఇంకాస్త ఎత్తులో ఉన్న సీటు మేలు. ఇండియానాపొలిస్ ఫైనల్స్ జరిగే లూకాస్ ఆయిల్ స్టేడియంలో కోర్‌లన్నీ ఒకే వైపుకి తిరిగి వాయిస్తాయి, టికెట్ కొనేటప్పుడు అది ఏ వైపో మ్యాప్‌లో చూసుకోండి. గోల్ వెనక సీట్లు చవగ్గా వస్తాయి గానీ అక్కడినుంచి డ్రిల్, అంటే నడుస్తూ గీసే ఆకారాలు, అంతా పక్కవాటుగా కనిపిస్తుంది.

మీ అబ్బాయి బ్యాండ్‌కీ దీనికీ తేడా కూడా చెప్పుకోవాలి, లేకపోతే పోలిక తప్పుతుంది. డ్రమ్ కోర్‌లో క్లారినెట్, ఫ్లూట్, శాక్సఫోన్ ఉండవు. బ్రాస్, పెర్కషన్ (డ్రమ్స్, పిట్), కలర్ గార్డ్ (జెండాలు, రైఫిళ్లు తిప్పే బృందం) అంతే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘాలు నడిపిన బ్యూగిల్ జట్ల నుంచి వచ్చిన సంప్రదాయమిది. 2000 దాకా జీ శ్రుతి బ్యూగిల్‌లే వాడాలన్న నియమం ఉండేది, ఆ తర్వాత మామూలు బీ ఫ్లాట్ ట్రంపెట్‌లు వచ్చాయి. మైకులకి 2004లో, సింథసైజర్‌లకి 2009లో అనుమతి దొరికింది. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అంటే డీసీఐ, మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది, అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. పెద్ద కోర్‌లో 150 మందికి పైనే ఉంటారు, వయసు 22 దాటనివ్వరు. జూన్ చివర్లో పోటీలు మొదలై ఆగస్టు రెండో వారానికి ముగుస్తాయి. ఒకే ఒక్క షో, పది పన్నెండు నిమిషాలది, ఆ వేసవంతా అదే వాయిస్తారు. ఆ పది నిమిషాల్లో ఎంత నిగ్గు తేల్చారన్నదే పోటీ అంతా.

ఇక వినడం. మొదటిసారి వెళ్లినవాళ్లు గట్టిగా వాయించే చోట్లకి మురిసిపోతారు, అది సహజం. ముందు గీత దగ్గర అందరూ నిలబడి ఫుల్ సౌండ్‌తో వాయిస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. కానీ నిలబడి వాయించడం వీళ్లకి తేలిక. కష్టం ఎక్కడుందో తెలియాలంటే కాళ్లు పరుగులో ఉండగా నెమ్మదిగా వాయించే చోట్ల వినండి. మైదానంలో అయిదేసి గజాలకో గీత ఉంటుంది. రెండు గీతల మధ్య ఎనిమిది అడుగులు వేస్తే ఒక్కో అడుగు 22.5 అంగుళాలు. ఇది మామూలు అడుగు. అదే అయిదు గజాల్ని ఆరడుగుల్లో దాటాలంటే అడుగు 30 అంగుళాలవుతుంది. టెంపో నిమిషానికి 180 ఉంటే సెకనుకి మూడుసార్లు అడుగు వేయాలి, అంటే సెకనుకి ఏడున్నర ఫీట్ల దూరం. పది కిలోలు దాటే ట్యూబా భుజం మీద పెట్టుకుని, నడుము పైభాగం ప్రేక్షకుల వైపు తిప్పి, కాళ్లు ఇంకోవైపు నడుస్తూ ఆ వేగంలో వాయిస్తారు.

వెనక్కి నడిచేటప్పుడు మడమలు నేలకి తగలకుండా మునివేళ్ల దగ్గరి భాగం మీదే నడుస్తారు. మడమ నేలకి కొడితే ఆ కుదుపు నడుము మీదుగా పెదవి దాకా పోతుంది. మౌత్‌పీస్ కదులుతుంది, పొడుగు స్వరంలో అడుగడుక్కీ ఒక్కో వణుకు వినిపిస్తుంది. మీ అబ్బాయికి ఈ సంగతి బాగా తెలిసే ఉంటుంది, అడిగి చూడండి. ఒక మెలోఫోన్ (ట్రంపెట్ కంటే కాస్త కింది గొంతు బ్రాస్ వాద్యం) గుంపు వెనక్కి వెళ్తూ మెత్తగా వాయించే చోట ఆ వణుకు లేదంటే, ఆ కోర్ నడక మీద ఎంత పని చేసిందో అర్థమైపోతుంది.

బ్రాస్‌లో పట్టుకోవాల్సినవి మూడు. స్వరం ఎత్తుకోవడం, స్వరం ఆపడం, అడుగు గొంతుల బలం. ఎత్తుకోవడంలో తేడా ఉంటే స్వరం మొదట్లో ఎవరో ఒకరు ముందు దూకినట్టు వినిపిస్తుంది. ఆపడం ఇంకా మంచి పరీక్ష. అందరూ ఒక్కసారిగా ఆపితే స్టేడియంలో ఆ స్వరం శుభ్రంగా మోగి చల్లారుతుంది, తేడా ఉంటే చివర్లో చిరిగిన అంచులాగా ఒకటి రెండు ట్రంపెట్‌లు మిగిలిపోతాయి. అడుగు గొంతులంటే ట్యూబాలు, యూఫోనియంలు, బారిటోన్‌లు. వీళ్లు కోర్ వాడుకలో ట్యూబాని కాంట్రా అంటారు. కింద ఈ గొంతులు నిండుగా ఉండి వాటి మీద ట్రంపెట్‌లు కూర్చుంటే శబ్దం ఎంత పెద్దదైనా చెవికి గుచ్చుకోదు. అలసిపోయిన కోర్‌లో మొదట జారేది ఇదే. చివరి రెండు నిమిషాల్లో ట్రంపెట్‌లు కీచుమంటున్నాయంటే ఊపిరి అయిపోయిందని అర్థం. అయితే ఒక జాగ్రత్త. ట్యూబాలనుకుని మీరు విన్న మూల స్వరం సింథసైజర్‌ది కావచ్చు. ఎక్కడైనా ట్యూబాలు వాయిద్యం దించేశాక కూడా ఛాతీలో అదురు వినిపిస్తే అది స్పీకర్ పని. దీని అతివాడకం నాకు నచ్చదు, బ్రాస్ పిల్లల కష్టాన్ని కప్పేస్తుంది.

శ్రుతి విషయంలో ఎండ పాత్ర పెద్దది. వేడికి గొట్టం లోపలి గాలిలో శబ్దం వేగం పెరిగి బ్రాస్ శ్రుతి పైకి పోతుంది. మారింబా, వైబ్రాఫోన్ పలకల శ్రుతిని మైదానంలో మార్చే వీల్లేదు. కాబట్టి బ్రాస్ వాళ్లే ట్యూనింగ్ స్లైడ్ లాగి సర్దుకోవాలి. బయట మండుటెండలో వార్మప్ చేసి ఏసీ డోమ్‌లోకి వచ్చినప్పుడు లెక్క తిరగబడుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. అందుకే డోమ్ షోల్లో మొదటి నిమిషంలో పిట్‌కీ బ్రాస్‌కీ మధ్య కాస్త అపశ్రుతి వినిపిస్తే ఆశ్చర్యపోకండి. మంచి కోర్ అరనిమిషంలో సర్దుకుంటుంది.

ఇప్పుడు మీరు 'హోరు' అన్నదానిలో అసలు కిటుకు చెప్తాను. మైదానం లోతు 160 అడుగులు, దగ్గర దగ్గర 49 మీటర్లు. శబ్దం ఆ దూరం దాటడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. 180 టెంపోలో ఒక బీట్ సెకనులో మూడో వంతు. అంటే వెనక గీత మీద కొట్టిన దెబ్బ ముందు గీతకి చేరేసరికి బీట్‌లో ఐదింట రెండు వంతులు గడిచిపోతుంది. అందరూ డ్రమ్ మేజర్ (ముందు నిలబడి చేతులతో తాళం చూపే నాయకుడు) చేతుల్ని మాత్రమే చూసి సరిగ్గా అదే క్షణంలో వాయిస్తే, ప్రేక్షకులకి ముందువాళ్లది ముందు, వెనకవాళ్లది వెనక వినిపిస్తుంది. అందుకని వెనకున్న డ్రమ్స్ డ్రమ్ మేజర్ చేతితో వాయిస్తాయి. ముందున్న పిట్ మాత్రం చేతిని నమ్ముకోకుండా, వెనకనుంచి వచ్చే డ్రమ్ శబ్దాన్ని విని దాని మీద వాయిస్తుంది. అప్పుడు రెండూ కలిసి మీ సీటుకి చేరతాయి. మధ్యలో ఉన్న బ్రాస్‌కి కూడా అదే నేర్పుతారు: వెనక్కి చెవి, ముందుకి కన్ను. ఒకవైపు 15 యార్డ్ లైన్ దగ్గర ట్రంపెట్‌లు, అవతలివైపు 15 దగ్గర బారిటోన్‌లు ఉన్నప్పుడు పరిస్థితి మరీ కష్టం. ఒకరినొకరు విని వాయిస్తే పని చెడుతుంది, అక్కడ చేతినే నమ్మాలి. ఎప్పుడు వినాలి, ఎప్పుడు వినకూడదు అన్నది బార్ బార్‌కీ (ఒక్కో తాళావర్తానికీ) రాసిపెట్టుకుని సాధన చేస్తారు. మారింబాల వేగమైన పరుగూ స్నేర్ (కరకరలాడే చిన్న డ్రమ్) పరుగూ ఒకదాని మీద ఒకటి అతుక్కుని వినిపిస్తే పని కుదిరినట్టు. రెండూ విడిపోయి గలగలమంటే కుదరనట్టు. ఇండియానాపొలిస్‌లో ఇదొక్కటి చెవి పెట్టి వినండి, హోరు దానంతటదే విడిపోతుంది.

డ్రమ్‌లైన్‌లో స్నేర్‌లు తొమ్మిది పది, టెనార్‌లు (ఒక్కరే వాయించే నాలుగైదు డ్రమ్‌ల గుత్తి) నాలుగైదు, బేస్ డ్రమ్‌లు అయిదు ఉంటాయి. తొమ్మిది స్నేర్‌లు ఒకే స్నేర్‌లా వినపడాలి. ఒక్కరు వెంట్రుకవాసి ఆలస్యమైనా దెబ్బ రెండుగా చీలుతుంది, దాన్ని వీళ్లు డర్ట్ అంటారు. చెవికి అందకపోతే కంటితో పట్టుకోవచ్చు. కర్రలు లేచే ఎత్తు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు అంగుళాలుగా కొలిచి నేర్పిస్తారు. బైనాక్యులర్‌లో చూస్తే మెత్తని భాగంలో ఎవరి కర్ర ఎక్కువ లేస్తోందో ఇట్టే తెలిసిపోతుంది. బేస్ డ్రమ్‌లు ఇంకో అద్భుతం. ఒక్కొక్కరికి ఒక్కో శ్రుతి. ఒకే వాక్యాన్ని అయిదుగురు తలో అక్షరం పలికినట్టు, ఒక వేగమైన పరుగుని ముక్కలు చేసుకుని వాయిస్తారు. ఎవరి దెబ్బ బలం తగ్గినా పరుగులో పన్ను ఊడినట్టు ఖాళీ వస్తుంది. మృదంగం వినే అలవాటున్న చెవికి ఇది త్వరగా పట్టుబడుతుంది.

కలర్ గార్డ్ జెండాలు, రైఫిళ్లు, సేబర్లు (కత్తులు) గాల్లోకి విసురుతారు. అందరూ పట్టుకున్నారా లేదా అనే చూస్తాం మనం. ఆ చూపు కాస్త ముందుకి జరపండి. చేతులోంచి వదిలే క్షణం చూడండి. అందరివీ ఒకే క్షణంలో వదిలి, ఒకే ఎత్తుకి వెళ్లి, ఒకే వేగంతో తిరిగితే, పట్టుకునే చప్పుడు ఒకే దెబ్బగా వినపడుతుంది. ఆరు చుట్లు తిరగాల్సిన రైఫిల్ అయిదున్నరే తిరిగిందంటే విసిరేటప్పుడే మణికట్టు తేడా చేసిందన్నమాట. కిందపడితే ఇంత అని కోసే పద్ధతి ఇప్పుడు లేదు. తప్పుకింత అని లెక్కకట్టి తీసేసే టిక్ పద్ధతి 1980ల మొదట్లోనే పోయింది. ఒకటి పడ్డా, ఆ పిల్ల ముఖం మారకుండా వంగి తీసుకుని తర్వాతి బీట్‌లో కలిసిపోతే నష్టం చాలా తక్కువ.

డ్రిల్ చూసేటప్పుడు మనుషుల్ని వదిలేసి మనుషుల మధ్య ఖాళీల్ని చూడండి. వంపు తిరిగిన గీత కదులుతున్నప్పుడు ఆ ఖాళీలు సమానంగా ఉన్నాయా, గీత చివర ఉన్నవాళ్లు సాగిపోతున్నారా అన్నది తేలిగ్గా కనిపిస్తుంది. చివరివాళ్లకే పెద్ద అడుగులు పడతాయి కాబట్టి తప్పు అక్కడే మొదలవుతుంది.

ఇక మీ అసలు బాధ, స్కోరు. మొత్తం 100లో జనరల్ ఎఫెక్ట్‌కి (షో మొత్తంగా కలిగించే ప్రభావానికి) 40, విజువల్‌కి (కంటికి కనిపించేదానికి) 30, మ్యూజిక్‌కి 30. జనరల్ ఎఫెక్ట్‌లో 20 చొప్పున రెండు, అవి పూర్తిగా కలుస్తాయి. విజువల్‌లో మూడు విభాగాలు, ఒక్కోటి 20కి, మూడూ కూడి సగం చేస్తారు. మ్యూజిక్‌లోనూ అంతే: బ్రాస్, పెర్కషన్, మ్యూజిక్ అనాలిసిస్. అంటే బ్రాస్‌లో ఒక పాయింట్ ఎక్కువొస్తే మొత్తంలో అరపాయింటే కలుస్తుంది, జనరల్ ఎఫెక్ట్‌లో ఒక పాయింట్ వస్తే ఒకటీ కలుస్తుంది. ఒక ఊహా లెక్క చూద్దాం. మొదటి కోర్‌కి ఎఫెక్ట్ 19.0, 18.9, విజువల్ మొత్తం 56.4, మ్యూజిక్ మొత్తం 57.0. కలిపితే 37.9, 28.2, 28.5, మొత్తం 94.6. రెండో కోర్‌కి ఎఫెక్ట్ 18.5, 18.4, విజువల్ 56.6; మ్యూజిక్ 57.8. అది 36.9, 28.3, 28.9, మొత్తం 94.1. రెండో కోర్ బాగా వాయించింది, బాగా నడిచింది, అయినా ఓడింది. మీకు నచ్చిన కోర్‌కి ఇలాంటిదే జరిగి ఉండొచ్చు. షో తర్వాత రీక్యాప్ షీట్ (విభాగాలవారీ మార్కుల పట్టిక) పెడతారు, అందులో అడ్డంగా చదవకుండా నిలువుగా, ఒక్కో విభాగంలో ఎవరు మొదట ఉన్నారో చూస్తే తెలిసిపోతుంది. ఒక్కో విభాగంలో మళ్లీ రెండు గళ్లు: ఏం వాయించమన్నారు అన్నదానికి ఒకటి, ఎంత బాగా వాయించారు అన్నదానికి ఒకటి. తేలికైన షోని తప్పులేకుండా వాయిస్తే రెండో గడి బాగుంటుంది, మొదటిది తగ్గుతుంది.

తేడాలు ఎంత సన్నగా ఉంటాయో తెలియాలంటే 2008 ఫైనల్స్ చూడండి. ఫాంటమ్ రెజిమెంట్ 98.125, బ్లూ డెవిల్స్ 98.100. పావు పాయింట్‌లో పదో వంతు. 1999లోనైతే బ్లూ డెవిల్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్ 98.4 దగ్గర సమానమై ఇద్దరికీ టైటిల్ ఇచ్చారు. ఇప్పటిదాకా అత్యధిక స్కోరు 2014లో బ్లూ డెవిల్స్‌ది, 99.65. ఈ మధ్య 2024లో ఒహాయో బ్లూకోట్స్, 2025లో బోస్టన్ క్రూసేడర్స్ గెలిచాయి. 1940లో పుట్టిన బోస్టన్ కోర్‌కి అదే మొదటి డీసీఐ టైటిల్. కాబట్టి అయిదో స్థానంలో వచ్చిన కోర్‌ని 'బాగా లేదు' అనుకోవడం అన్యాయం.

వేర్వేరు ఊళ్ల స్కోర్లు పోల్చకండి. జడ్జీలు మారతారు, పైగా వాళ్లిచ్చే అంకె ముఖ్యంగా ఆ రాత్రి వాయించిన కోర్‌ల మధ్య వరస చెప్పడానికి. జూన్‌లో డెబ్భైల్లో ఉన్న కోర్ ఆగస్టుకి తొంభైల్లోకి వస్తుంది. ఆ మధ్యలో షో కూడా మారుతూనే ఉంటుంది. ముగింపు కొత్తగా రాస్తారు, జెండాల రంగు మారుస్తారు, కుదరని పది బార్లు తీసేస్తారు. మీరు శాన్ ఆంటోనియోలో చూసిన షోలే ఇండియానాపొలిస్‌లో కొన్నిచోట్ల కొత్తగా అనిపిస్తాయి. ఎక్కడ మార్చారో అబ్బాయిని పట్టుకోమనండి, అంతకంటే మంచి పాఠం ఉండదు.

ఫైనల్స్ వారంలో గురువారం ప్రిలిమ్స్, శుక్రవారం సెమీఫైనల్స్, శనివారం ఫైనల్స్. సెమీస్‌కి 25 కోర్‌లు, ఫైనల్స్‌కి 12. ఒక్క రోజే వీలైతే నేను సెమీస్ అంటాను. కోర్‌లు ఎక్కువ, ఒక్క తప్పుకి ఫైనల్ పోయే వాళ్లు 11 నుంచి 14 స్థానాల దగ్గర ప్రాణం పెట్టి వాయిస్తారు. సాధారణంగా 17 నిమిషాలకో కోర్ వస్తుంది, అందులో చూసేది పన్నెండు, మిగతాది మైదానంలోకి రావడం, పోవడం. మంచినీళ్లకి, బాత్రూంకి ఆ మధ్యలోనే లేవండి. వాయిస్తుండగా వరస దాటితే వెనకున్న పదిమందికి డ్రిల్ పోతుంది. చప్పట్లకి కచేరీ మర్యాద అక్కర్లేదు, నచ్చినచోట అరవొచ్చు, బల్లాడ్‌లో (నెమ్మదిగా సాగే పాటలో) మెత్తని భాగాలకి మాత్రం ఆగండి. వీడియో తీయడం నిషేధం.

తీసుకెళ్లాల్సినవి: ఏడెనిమిది రెట్లు చూపే బైనాక్యులర్, ఏసీకి పల్చటి స్వెట్టర్, పిల్లలకి సంగీతకారులు వాడే ఫిల్టర్ ఇయర్‌ప్లగ్‌లు. నురుగు ప్లగ్‌లు పై స్వరాల్నే ఎక్కువ కోసేస్తాయి, వాటితో వింటే స్నేర్ డబ్బా కొట్టినట్టుంటుంది.

ఒక్కో కోర్‌కి ఒక్కో పని పెట్టుకోండి. మొదటిదానికి కాళ్లే, రెండోదానికి స్నేర్‌లే, మూడోదానికి గార్డ్ వదిలే క్షణమే, నాలుగోదానికి స్వరం ఆపడమే. చివరి నాలుగు కోర్‌లకి ఏ పనీ పెట్టుకోకుండా వెనక్కి వాలి చూడండి, అప్పటికి కన్ను, చెవి వాటంతటవే సరైన చోటికి వెళ్తాయి.

షోకి రెండు గంటల ముందే చేరుకోండి. స్టేడియం చుట్టుపక్కల పార్కింగ్ లాట్‌లలో, పచ్చిక బయళ్లలో కోర్‌లు వార్మప్ చేస్తాయి, చాలాచోట్ల దానికి టికెట్ అక్కర్లేదు. అయిదారు గజాల దూరంలో నిలబడి డ్రమ్‌లైన్‌ని వినే అవకాశం అక్కడే. వాళ్లకీ ఇన్‌స్ట్రక్టర్‌కీ మధ్యలోంచి నడవకండి, బ్రాస్ అర్ధచంద్రాకారంలో నిలబడితే దాని లోపలికి అడుగు పెట్టకండి, వరసలో ఉన్న పిల్లల్ని పేరు పెట్టి పిలవకండి. వాళ్లు బదులివ్వకూడదు. మీ అబ్బాయిని ట్రంపెట్ వాళ్ల వైపు నిలబెట్టండి, పొడుగు స్వరాలు, పెదవి కసరత్తులు వాళ్లు ఎంతసేపు చేస్తారో చూడనివ్వండి. వాడు ఇంట్లో రోజూ దాటేసేవి అవే అయ్యుంటాయి.